వేలూరు సీఎంసీ: పేదల గడప దాకా నడిచి వెళ్లిన మిషన్ దవాఖానా

చిత్తూరు, కడప, అనంతపురం, నెల్లూరు జిల్లాల్లో ఇంట్లో ఎవరికైనా జబ్బు ముదిరితే పెద్దలు ఒక మాట అంటారు: "ఇక వేలూరుకు తీసుకుపోండి." రాయవేలూరు అని మన పాతవాళ్లు పిలిచే ఆ ఊళ్లోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ దవాఖానానే అందరూ సీఎంసీ అంటారు. కాట్పాడి స్టేషన్‌లో రైలు దిగి, సంచుల్లో పాత రిపోర్టులు పెట్టుకుని అక్కడికి చేరేవాళ్లలో రాయలసీమ రైతులు ఉంటారు, బెంగాల్ కూలీలు ఉంటారు, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల కుటుంబాలు, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు కూడా ఉంటాయి.

పెద్ద డాక్టర్లు, పెద్ద యంత్రాలు ఉన్న దవాఖానాగా సీఎంసీ పేరు చాలామందికి తెలుసు. కానీ దవాఖానాకు రాలేని పేదల కోసం అది చేసిన పని గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఒక మతసంస్థ నడిపే ఆసుపత్రి అన్ని మతాల బీదలకు ఎలా ఉపయోగపడింది, దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడ ఇబ్బందులు పడింది అనే సంగతులు మన కుటుంబాలు కూడా తెలుసుకోదగినవే.

ఊరి నేపథ్యం

వేలూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. ఆర్కాటు నవాబుల పాలన చూసిన ప్రాంతం ఇది. టిప్పు సుల్తాన్ షహీద్ అయ్యాక ఆయన కుటుంబాన్ని ఇంగ్లీషువాళ్లు ఈ వేలూరు కోటలోనే ఉంచారు. 1806లో సిపాయిల తిరుగుబాటు జరిగింది కూడా ఈ కోటలోనే. చుట్టుపక్కల ఆంబూరు, వాణియంబాడి, పేర్ణాంబట్టు, మేల్‌విశారం ఊళ్లలో తోలు వ్యాపారంలో ఉన్న ముస్లిం కుటుంబాలు ఎక్కువ. దక్షిణాదిలో పేరున్న బాఖియాతుస్ సాలిహాత్ అరబీ మదరసా వేలూరులోనే ఉంది. ఊరి వీధుల్లో తమిళంతో పాటు దక్కనీ ఉర్దూ, తెలుగు వినిపిస్తాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి ప్రాంతాలు కూడా ఉత్తర ఆర్కాటులోనే ఉండేవి. కాబట్టి ఈ దవాఖానా పుట్టినప్పుడు దాని చుట్టూ ఉన్న జనంలో తెలుగువాళ్లు, ముస్లింలు మొదటి నుంచీ ఉన్నారు.

ఒక రాత్రి, ముగ్గురు భర్తలు

సీఎంసీని స్థాపించిన ఐడా స్కడర్ 1870 డిసెంబరు 9న రాణీపేటలో పుట్టింది. ఆమె తాత జాన్ స్కడర్ 1819లో అమెరికా నుంచి వైద్య మిషనరీగా సిలోనుకు బయలుదేరాడు. తండ్రి కూడా డాక్టరే. ఇంటిల్లిపాదీ ఇదే పనిలో ఉన్నా ఐడాకు మాత్రం ఈ దేశంలో ఉండే ఉద్దేశం లేదు. కరువు, ఆకలి చిన్నప్పుడే చూసి, అమెరికాలో చదువుకుని అక్కడే స్థిరపడాలనుకుంది. తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి 1890లో తిండివనం వచ్చింది, అంతే.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురు మగవాళ్లు ఆ ఇంటి తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు మరో హిందూ కులస్థుడు. ముగ్గురి భార్యలూ ఇంట్లో కాన్పు కష్టమై అల్లాడుతున్నారు. ఐడా తాను డాక్టరును కాదని, తన తండ్రి వస్తాడని చెప్పింది. ముగ్గురూ ఒప్పుకోలేదు. పరాయి మగవాడు ఆడమనిషి కాన్పు గదిలోకి రాకూడదన్నది అప్పటి కట్టుబాటు. అది ఒక్క మతానిదో, ఒక్క కులానిదో కాదు. తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు.

ఇక్కడ అసలు లోటు ఏమిటో ఐడాకు అర్థమైంది. ఊళ్లో డాక్టరు ఉన్నాడు, మందు ఉంది, లేనిది ఆడ డాక్టరు. జనం ఆచారాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే ప్రాణాలు నిలబడవు, ఆ ఆచారంలోనే ఇమిడే వైద్యం కావాలి. ఆమె అమెరికా తిరిగి వెళ్లి వైద్యం చదివి, 1899లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరుగా బయటికొచ్చింది. ఆ వైద్య కళాశాల ఆడపిల్లలకు పట్టా ఇచ్చిన మొదటి బ్యాచ్ అదే. 1900 జనవరి 1న మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టింది.

ఒక్క మంచం నుంచి

మొదటి దవాఖానా అంటే వేలూరులోని మిషన్ బంగళాలో ఒక గది, ఒక్క మంచం. న్యూయార్క్‌కు చెందిన షెల్ అనే బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థం 10,000 డాలర్లు ఇచ్చాడు. ఆ డబ్బుతో 40 మంచాల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి 1902లో తెరుచుకుంది. స్త్రీలకు, పిల్లలకు అది ఆసరా అయింది. పరదా పాటించే ఇళ్లలోని ఆడవాళ్లు కూడా ఆడ డాక్టరు ఉందని తెలిసి రావడం మొదలుపెట్టారు.

అయితే ఒక్క డాక్టరు ఎంతమందిని చూడగలదు? దీనికి ఐడా కనిపెట్టిన దారి ఇక్కడి ఆడపిల్లలకే చదువు చెప్పడం. 1909లో నర్సుల శిక్షణ మొదలైంది. 1918లో స్త్రీల కోసం మిషన్ వైద్య పాఠశాల తెరిచారు. ఆడపిల్లలు వైద్యం చదవలేరని, చదివినా పాస్ కారని అప్పట్లో చాలామంది పెద్దమనుషులే అన్నారు. 1922లో మొదటి బ్యాచ్ డిప్లొమాతో బయటికొచ్చి ఆ మాటకు జవాబు చెప్పింది.

1930లలో ఇంకో గండం వచ్చింది. డిప్లొమా వైద్య చదువు చాలదు, విశ్వవిద్యాలయ డిగ్రీ స్థాయి ఉండాల్సిందేనని మద్రాసు ప్రభుత్వం షరతు పెట్టింది. అంటే కొత్త విభాగాలు, ఎక్కువ మంచాలు, ఎక్కువ మంది ప్రొఫెసర్లు కావాలి. వేర్వేరు చర్చి శాఖలు కలిసి డబ్బు, మనుషులను సమకూర్చాయి. 1942లో ఎంబీబీఎస్ మొదలైంది. 1947 నుంచి మగపిల్లలను కూడా చేర్చుకున్నారు. 1946లో బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. మన దేశంలో నర్సింగ్ డిగ్రీ మొదట ఇచ్చిన రెండు చోట్లలో ఢిల్లీతో పాటు వేలూరు ఒకటి. ఐడా స్కడర్ 1960 మేలో కొడైకెనాల్‌లో కన్నుమూసింది.

రోడ్డు పక్క చెట్టు కింద వైద్యం

ఆసుపత్రి కట్టినంత మాత్రాన పల్లె జనం వస్తారా? బండి కిరాయి ఉండాలి, ఒక రోజు కూలి పోవాలి, తోడు ఒక మనిషి రావాలి. అందుకే ఐడా తానే బయలుదేరింది. మొదట ఎద్దుబండి, తర్వాత ప్యూజో మోటారు కారు. వారంలో ఒక రోజు గుడియాత్తం దారిలో పోతూ, ముందే చెప్పిన చోట్ల చెట్టు కింద ఆగేవాళ్లు. అక్కడే పుండ్లు కడిగి కట్టు కట్టడం, పళ్లు పీకడం, కళ్లు చూడడం, మందు ఇవ్వడం. పెద్ద జబ్బు అయితే వేలూరుకు పిలిపించడం. వీటినే రోడ్డు పక్క దవాఖానాలు అన్నారు. మొబైల్ క్లినిక్ అనే మాట మనకు అలవాటు కాకముందే ఆ పని అక్కడ వారం వారం జరిగింది.

ఈ రోడ్డు పక్క క్యాంపుల్లో ఎక్కువగా కనబడినవాళ్లు కుష్టు రోగులు. ఊరు వెలివేసినవాళ్లు, ఏ దవాఖానా మంచం ఇవ్వనివాళ్లు.

కుష్టు రోగుల చేతులకు మళ్లీ పని

1946లో వేలూరు వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ కుష్టు రోగుల వంకరపోయిన చేతులను జాగ్రత్తగా చూశాడు. కుష్టు వల్ల వేళ్లు కుళ్లి రాలిపోతాయని అప్పుడు అందరి నమ్మకం, డాక్టర్లతో సహా. కానీ అసలు కారణం వేరని ఆయన, ఆయన తోటివాళ్లు గుర్తించారు. ఈ జబ్బు నరాలను చంపుతుంది. స్పర్శ పోతుంది. వేడి గిన్నె పట్టుకున్నా, ముల్లు దిగినా తెలియదు. ఆ గాయాలు పట్టించుకోకపోవడంతో పుండ్లై వేళ్లు పోతాయి. అంటే గాయం కాకుండా చూసుకుంటే వేళ్లు మిగులుతాయి.

1948 నుంచి వేలూరులో కుష్టు రోగుల చేతులకు కండరాల స్నాయువులను మార్చి కుట్టే ఆపరేషన్లు మొదలయ్యాయి. ముడుచుకుపోయిన వేళ్లు మళ్లీ చాచుకున్నాయి. కుష్టు రోగులకు ఇలాంటి సర్జరీ ప్రపంచంలో మొదట జరిగింది ఇక్కడేనని చెబుతారు. ఆపరేషన్ అయినవాళ్లకు పని నేర్పడానికి నవజీవన కేంద్రం పెట్టారు. స్పర్శలేని పాదాలకు మెత్తటి రబ్బరు చెప్పులు తయారు చేశారు. 1955లో దగ్గరలోని కరిగిరిలో కుష్టు పరిశోధన కేంద్రం వచ్చింది. ఖరీదైన సర్జరీ ఎంత ముఖ్యమో, చెప్పుల జత కూడా అంతే ముఖ్యమని ఈ పని చూపించింది.

బ్రాండ్ దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో డాక్టర్ మేరీ వర్గీస్ ఒకరు. 1954లో జరిగిన రోడ్డు ప్రమాదంలో ఆమె నడుము కింది భాగం చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్టు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత వెన్నెముక దెబ్బతిన్నవాళ్ల కోసం పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి ఆ విభాగానికి అధిపతి అయింది. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం తెరుచుకుంది. కల్లు గీస్తూ చెట్టు మీంచి పడ్డవాళ్లు, బావి తవ్వుతూ పడ్డవాళ్లు, రోడ్డు ప్రమాదాల్లో నడుము పోగొట్టుకున్నవాళ్లు అక్కడ మళ్లీ బతకడం నేర్చుకుంటారు. ఆమెకు 1972లో పద్మశ్రీ ఇచ్చారు.

పల్లెకు నాలుగు మెట్లు

సీఎంసీ పని ఇప్పుడు ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే ఊరి బయట బాగాయం దగ్గర ఉన్న కమ్యూనిటీ హెల్త్ విభాగాన్ని చూడాలి. దాన్ని చాడ్ అంటారు. కణియంబాడి బ్లాకులో లక్షకు పైగా జనాభాకు ఇది సేవ చేస్తుంది. దీని ఏర్పాటు నాలుగు మెట్లుగా ఉంటుంది.

మొదటి మెట్టు ఆ ఊరి ఆడమనిషే. ఎక్కువ చదువు లేకపోయినా శిక్షణ ఇచ్చి కొద్దిపాటి గౌరవ వేతనంతో పెట్టుకుంటారు. ఏ ఇంట్లో కోడలికి నెల తప్పింది, ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరు చనిపోయారు, ఏ పిల్లవాడికి టీకా పడలేదు, ఇవన్నీ ఆమెకు తెలుసు. రెండో మెట్టు హెల్త్ ఎయిడ్. కొన్ని ఊళ్లు కలిపి ఒకరు ఉండి ఈ వివరాలను రాసి పెడతారు. మూడో మెట్టు పబ్లిక్ హెల్త్ నర్సు. గర్భిణులను చూడడం, కష్టమయ్యే కాన్పులను ముందే గుర్తుపట్టడం ఆమె పని. నాలుగో మెట్టు డాక్టరు. వంతుల ప్రకారం వ్యాన్‌లో ఊరికి వచ్చి చూస్తారు. అక్కడ కుదరని కేసులను చాడ్ ఆసుపత్రికి, అక్కడా కుదరకపోతే పెద్ద ఆసుపత్రికి పంపుతారు.

దీంట్లో కీలకం మొదటి మెట్టే. జబ్బు ముదిరి దవాఖానాకు వచ్చేదాకా ఆగకుండా, జబ్బు మొదలయ్యే ఇంటి దగ్గరే ఒక కన్ను ఉండడం. రక్తహీనత, బీపీ ఉన్న గర్భిణిని ఏడో నెలలోనే గుర్తిస్తే తల్లీబిడ్డా ఇద్దరూ దక్కుతారు. ప్రసవ నొప్పులు మొదలయ్యాక గుర్తిస్తే ఎంత గొప్ప సర్జన్ ఉన్నా ఆలస్యమే.

1977లో కె.వి.కుప్పం బ్లాకులో రుహ్సా అనే గ్రామీణ విభాగం మొదలైంది. దాని పేరులోనే ఆరోగ్యంతో పాటు సామాజిక వ్యవహారాలు అనే మాట ఉంది. ఆడవాళ్ల సంఘాలు, యువకులకు పని నేర్పడం, పాడి పశువుల సంరక్షణ, వృద్ధుల సంక్షేమం కూడా ఆరోగ్యంలో భాగమేనన్నది దాని లెక్క. తినడానికి లేని ఇంట్లో టానిక్కు రాసిస్తే ఏం లాభం? జవ్వాది కొండల మీద ఉండే గిరిజనుల దగ్గరకు కూడా సీఎంసీ బృందాలు వెళ్తాయి.

పట్నం పేదలది ఇంకో బాధ. ఆసుపత్రి కళ్లెదుటే ఉంటుంది, కానీ లోపలికి పోతే ఖర్చు ఎంతవుతుందోనని భయం. వాళ్ల కోసం 1982లో తక్కువ ఖర్చు వైద్య కేంద్రాన్ని విడిగా పెట్టారు. అక్కడ ఫ్యామిలీ డాక్టర్లు ఉంటారు. అనవసరమైన టెస్టులు రాయకుండా, రోగిని చేత్తో పరీక్షించి, తక్కువ ధర మందుతో నయం చేయడమే అక్కడి పద్ధతి. వేలూరు మురికివాడల్లో బీడీలు చుట్టి బతికే కుటుంబాలకు, రోజు కూలీలకు ఈ కేంద్రం అందుబాటులో ఉంది.

సీఎంసీలో చేరిన వైద్య, నర్సింగ్ విద్యార్థులు కూడా మొదట్లోనే పల్లెకు వెళ్లి కొన్ని రోజులు అక్కడే ఉండాలి. ఇల్లిల్లూ తిరిగి నీళ్లు ఎక్కడివి, మరుగుదొడ్డి ఉందా, ఏం తింటారు, అప్పు ఎంత ఉంది అని రాసుకోవాలి. రోగి చీటీ మీద పేరు వెనకాల ఒక ఇల్లు ఉంటుందని డాక్టరుకు తెలియడం కోసమే ఇది.

మురికివాడ నుంచి దేశం టీకా దాకా

పేదల దగ్గర పని చేయడం వల్ల వాళ్ల జబ్బుల మీదే పరిశోధన జరిగింది. పిల్లలను చంపే విరేచనాలకు పెద్ద కారణం రోటా వైరస్. వేలూరు మురికివాడల్లో పుట్టిన 373 మంది పిల్లలను మూడేళ్ల పాటు వారానికి రెండుసార్లు ఇంటికి వెళ్లి చూశారు. ఇక్కడి పిల్లలకు ఈ వైరస్ చాలా చిన్న వయసులోనే, మళ్లీ మళ్లీ సోకుతోందని, వేరే దేశాల్లో కనిపించినంత రక్షణ ఒక్కసారి సోకినంత మాత్రాన ఇక్కడ రావడం లేదని ఆ పనిలో తేలింది. డాక్టర్ గగన్‌దీప్ కాంగ్ ఈ పరిశోధనకు ముందున్న శాస్త్రవేత్త.

ఆ తర్వాత హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ తయారు చేసిన రోటావ్యాక్ టీకా పరీక్ష జరిగిన మూడు చోట్లలో ఢిల్లీ, పుణెలతో పాటు వేలూరు ఒకటి. 2016లో ప్రభుత్వం రోటా టీకాను ఉచిత టీకాల జాబితాలో చేర్చినప్పుడు మొదటి విడత నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. మన అంగన్‌వాడీలో పసిబిడ్డ నోట్లో వేసే ఆ చుక్కల వెనక వేలూరు పేద తల్లుల సహకారం ఉంది.

1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ బృందం సేకరించిన రక్తం నమూనాలను పరీక్షించి, మన దేశంలో హెచ్ఐవీ ఉందని మొదట గుర్తించింది కూడా వేలూరు ల్యాబ్‌లోనే. పోలియో విషయంలో డాక్టర్ జాకబ్ జాన్ ఇక్కడే పనిచేశారు. ఒకే రోజు ఊరంతటి పిల్లలకు చుక్కలు వేసే పద్ధతిని వేలూరులో చేసి చూపారు. తర్వాత 1995లో పల్స్ పోలియో పేరుతో దేశమంతా వచ్చిన కార్యక్రమం దారి అదే.

డబ్బు ఎక్కడిది?

మన సమాజంలో ఒక దవాఖానా పెడదామనే మాట వచ్చినప్పుడల్లా మొదట వచ్చే ప్రశ్న ఇదే. సీఎంసీ అందరికీ ఫ్రీగా చేసే దవాఖానా కాదు. చాలామంది రోగులు డబ్బు కడతారు. ఓపీలో జనరల్, ప్రైవేట్ అని రెండు రకాలున్నాయి. ప్రైవేట్‌లో చూపించుకునేవాళ్లు ఎక్కువ ఫీజు కడతారు. కట్టగలిగినవాళ్ల దగ్గర వచ్చిన మిగులు కట్టలేనివాళ్ల వైద్యానికి వెళ్తుంది. లాభం పంచుకునే యజమాని లేడు.

రెండో సంగతి, డాక్టర్లంతా జీతానికి పనిచేసేవాళ్లు. బయట సొంత ప్రాక్టీసు చేయకూడదు. ఆపరేషన్ ఎక్కువ చేస్తే, టెస్టు ఎక్కువ రాస్తే డాక్టరుకు కమీషన్ వచ్చే ఏర్పాటు లేదు. పేద రోగికి ఇది చాలా పెద్ద రక్షణ. మూడోది దాతలు. దేశవిదేశాల్లోని చర్చిలు, పాత విద్యార్థులు, మామూలు జనం ఇచ్చే విరాళాలు. ఒక రోగి చికిత్సకు ఒక దాత సాయపడే 'పర్సన్ టు పర్సన్' అనే పథకం కూడా నడుస్తోంది. ఎవరికి ఎంత సాయం కావాలో సోషల్ వర్కర్లు, డాక్టర్లు విచారించి చెబుతారు.

నాలుగోది చదువుతో ముడిపడిన షరతు. చర్చి సంస్థల సిఫారసుతో సీటు తీసుకున్న విద్యార్థి చదువు అయ్యాక పేద ప్రాంతాల మిషన్ ఆసుపత్రుల్లో రెండేళ్లు పనిచేయాలి. దాంతో వేలూరుకు రాలేని చోట్లకు కూడా డాక్టరు వెళ్తాడు.

తెలుగు నేలతో బంధం

ఈ కాలేజీకి మొదటి భారతీయ ప్రిన్సిపాల్ తెలుగు గడ్డ మీద పుట్టిన మనిషి. డాక్టర్ హిల్డా లాజరస్ 1890లో విశాఖపట్నంలో జన్మించారు. ప్రభుత్వ మహిళా వైద్య సర్వీసులో పెద్ద హోదాలో పనిచేసి, 1947లో వేలూరు బాధ్యత తీసుకున్నారు. దేశం స్వతంత్రమైన రోజుల్లో ఈ సంస్థను విదేశీ మిషనరీల చేతుల్లోంచి ఇక్కడివాళ్ల చేతుల్లోకి తెచ్చిన కాలం అది. 1961లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

ఇదే మిషన్ల పని మదనపల్లె దగ్గర కూడా సాగింది. ఆరోగ్యవరంలోని క్షయ శానటోరియం 1915 నుంచి అక్కడ నడిచింది. టీబీకి మందులు లేని కాలంలో మంచి గాలి, తిండి, విశ్రాంతి ఇచ్చి రోగులను చూసుకున్న చోటు అది. మన దేశంలో బీసీజీ టీకా 1948లో మొదట వేసిన ప్రాంతాల్లో మదనపల్లె ఒకటి.

ఇప్పుడు చిత్తూరు జిల్లా గుడిపాల మండలంలో సీఎంసీ క్యాంపస్ ఒకటి ఉంది. ఆ చుట్టుపక్కల పల్లెవాళ్లు సరిహద్దు దాటకుండానే చూపించుకోవచ్చు. రాణీపేటలో 2022లో తెరిచిన కొత్త క్యాంపస్ చెన్నై, బెంగళూరు హైవే మీద జరిగే ప్రమాదాల బాధితులకు కూడా దగ్గరైంది.

మైనారిటీ హక్కు, నీట్ పరీక్ష

2010 తర్వాత దేశమంతటికీ ఒకే వైద్య ప్రవేశ పరీక్ష అన్న నిర్ణయం వచ్చినప్పుడు సీఎంసీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. పల్లెల్లో పనిచేసే మనసున్న విద్యార్థిని మార్కులు ఒక్కటే చూసి ఎంపిక చేయలేమని, రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీ సంస్థలకు ఇచ్చిన హక్కు దెబ్బతింటుందని దాని వాదన. 2013లో కోర్టు ఆ వాదన వైపే తీర్పు ఇచ్చింది. 2016లో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. 2017లో సీఎంసీ 100 ఎంబీబీఎస్ సీట్లకు గాను ఒక్కరినే చేర్చుకుని మిగతావి ఖాళీగా వదిలేసింది. చివరికి 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు, నీట్ పరీక్ష మైనారిటీ సంస్థలకు కూడా వర్తిస్తుందని, దానివల్ల వాళ్ల హక్కు పోదని తేల్చింది.

ఈ తీర్పు ఒక్క క్రైస్తవ సంస్థలదే కాదు. ముస్లిం మైనారిటీ వైద్య కళాశాలలకూ వర్తిస్తుంది. మైనారిటీ కోటాలో సీటు ఆశించే మన పిల్లలు కూడా నీట్ రాసి అర్హత తెచ్చుకోవాల్సిందే. రెండు వైపులా న్యాయమైన మాటలు ఉన్నాయి. డొనేషన్ల దందా ఆగాలంటే ఒకే పరీక్ష ఉండాలన్నది ఒకటి. సేవాభావాన్ని ర్యాంకు కొలవలేదన్నది ఇంకొకటి.

ఇబ్బందులు లేవా?

ఉన్నాయి. జనం రద్దీ విపరీతం. పెద్ద డాక్టరు అపాయింట్‌మెంట్‌కు, ఆపరేషన్ తేదీకి ఎదురుచూడాలి. దూరం నుంచి వచ్చినవాళ్లకు లాడ్జి అద్దె, తిండి, తోడు వచ్చినవాళ్ల కూలి నష్టం కలిసి కొన్నిసార్లు వైద్యం ఖర్చును మించిపోతాయి. పెద్ద పెద్ద స్పెషాలిటీలు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఖర్చు పెరిగేకొద్దీ కట్టగలిగేవాళ్ల మీద ఆధారపడడం పెరుగుతుంది. అప్పుడు పేదవాడి చోటు తగ్గకుండా చూసుకోవడం ఏ సేవా ఆసుపత్రికైనా రోజూ పరీక్షే.

మతం సంగతికి వస్తే, సీఎంసీ తన క్రైస్తవ గుర్తింపును దాచుకోదు. ఆవరణలో ప్రార్థనా మందిరం ఉంది, ప్రార్థనలు జరుగుతాయి. అయితే వైద్యానికి వచ్చినవాళ్లను మతం చూసి విడదీయదు. అందుకే ముస్లిం, హిందూ కుటుంబాలు తరాలుగా అక్కడికి వెళ్తున్నాయి.

వెళ్లాలనుకునే కుటుంబాలకు

ముందుగా దగ్గరలోని ప్రభుత్వ దవాఖానాలో చూపించి, నిజంగా పెద్ద ఆసుపత్రి అవసరమా అని డాక్టరును అడగండి. చాలా జబ్బులకు జిల్లా ఆసుపత్రిలోనే వైద్యం దొరుకుతుంది. వెళ్లాల్సి వస్తే పాత రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు, వాడుతున్న మందుల చీటీలు తేదీల వారీగా పెట్టుకోండి. అపాయింట్‌మెంట్ ముందే తీసుకోండి, లేకుంటే లాడ్జిలో రోజులు గడిచిపోతాయి. జనరల్ ఓపీ కావాలా, ప్రైవేట్ కావాలా అన్నది మొదటే తేల్చుకోండి. మీ ఆరోగ్య కార్డు అక్కడ, ఆ జబ్బుకు చెల్లుతుందో లేదో బయలుదేరే ముందే కనుక్కోండి.

డబ్బు చాలకపోతే సిగ్గుపడి మధ్యలో వైద్యం మానేసి వచ్చేయొద్దు. డాక్టరుకో, సోషల్ వర్కరుకో ఉన్నమాట చెప్పండి. పొలం, నగలు అమ్మకముందే అడగాల్సిన ప్రశ్న అది. ఆసుపత్రి గేటు దగ్గర త్వరగా చూపిస్తామని వచ్చే దళారులను నమ్మొద్దు. ఆడవాళ్లకు లేడీ డాక్టరు కావాలంటే రిజిస్ట్రేషన్ దగ్గరే అడగొచ్చు.

ఇక మన జమాత్‌లు, సంస్థలు జకాత్, సదఖా సొమ్ముతో ఆరోగ్యానికి ఏదైనా చేద్దామనుకుంటే వేలూరు అనుభవంలో పనికొచ్చేది ఒకటుంది. కోట్లు పెట్టి భవనం కట్టేదాకా ఆగక్కర్లేదు. బస్తీలో నలుగురు ఆడవాళ్లకు బీపీ చూడడం, గర్భిణులను గుర్తుపట్టి ఆశా కార్యకర్తతో కలపడం, టీకా తేదీలు రాసిపెట్టడం నేర్పితే చాలు, పని మొదలైనట్టే. నెలకోసారి వచ్చే ఒక లేడీ డాక్టరు, జీతం తప్ప కమీషన్ లేని ఒక ల్యాబ్, లెక్కలు అందరి ముందు పెట్టే ఒక కమిటీ తోడైతే ఆ బస్తీలో చాలా కాన్పులు, చాలా షుగర్ కేసులు దవాఖానా మెట్లు ఎక్కకముందే దారిలో పడతాయి.